అమ్మ కొలతల పుస్తకం

అమ్మ పోయిన వారంలో బంధువుల్లో ఎవరో ఆమె ఫోటో కింద నాలుగు మాటలు రాసి అందరికీ పంపారు. కష్టజీవి, ప్రేమమూర్తి, ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, అందరికీ తలలో నాలుక. ఫోటో మార్చి చూడండి, ఆ నాలుగు మాటలూ ఎవరికైనా అతికిపోతాయి. పైగా పల్లెత్తు మాట అనకపోవడం ఏమిటి, కుట్టించుకుని డబ్బులివ్వకుండా తిరిగేవాళ్లను మా అమ్మ వీధి మలుపు దాకా వెంటపడి మరీ అడిగేది. రాసినవాళ్లను అనడం లేదు, పోయినవాళ్ల గురించి అలా రాయడం మనందరికీ అలవాటే. కానీ అది చదువుతుంటే ఈవిడెవరో నాకు తెలియదే అనిపించింది.

అందుకని ఆమె జీవితం నేనే రాద్దామని కూర్చున్నాను. పుస్తకంగా అచ్చు వేయడానికి కాదు, ఇంట్లో ఉంచుకోవడానికి. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని ముప్పై ఏళ్లకు పైగా ఊళ్లోవాళ్ల బట్టలు కుట్టిన మనిషి ఆమె, పేపర్లో ఒక్కసారి కూడా పేరు పడలేదు, డైరీ రాయలేదు, ఉత్తరాలు దాచలేదు. అలాంటి మనిషి గురించి రాయాలంటే ఎక్కడ వెతకాలి, ఎవరిని ఏమని అడగాలి, ఏది వదిలేయాలి అనేది పని చేస్తూనే తెలుసుకున్నాను. ఇదే పని నెత్తిన వేసుకున్నవాళ్లు ఇంకొందరు ఉంటారు కాబట్టి రాస్తున్నాను.

ముందు ఫోను సంగతి చూడండి. మిగతావన్నీ మనకోసం ఆగుతాయి, ఫోను ఆగదు. వాట్సాప్ ఖాతాను 120 రోజులు వాడకపోతే మామూలుగా తీసేస్తారు. గూగుల్ ఖాతా రెండేళ్లు ఎవరూ తెరవకపోతే దాన్నీ, అందులో ఉన్న ఫోటోలనూ చెరిపేసే నియమం 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. నంబరు వదిలేస్తే కొన్నాళ్లకు ఇంకెవరికో వెళ్లిపోతుంది, ఆ తర్వాత ఓటీపీలన్నీ వాళ్లకే. కాబట్టి పని అయ్యేదాకా సిమ్‌కి రీఛార్జి చేస్తూ ఉండండి. వాట్సాప్‌లో చాట్ ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు గానీ ఫోటోలు, ఆడియోలతో కలిపి అయితే చివరి పది వేల మెసేజీల దాకానే వస్తాయి, కాబట్టి పాత వాయిస్ మెసేజీలను వెనక్కి వెళ్లి ఒక్కొక్కటీ విడిగా దాచుకోవాలి. విసుగొచ్చే పని, కానీ ఇంకో దారి లేదు. ఇంకా బతికున్నవాళ్లకో మాట: మన తర్వాత మన ఖాతా ఎవరు చూడాలో ముందే చెప్పి పెట్టుకునే సదుపాయం గూగుల్‌లో 2013 నుంచీ, ఫేస్‌బుక్‌లో 2015 నుంచీ ఉంది. రెండు నిమిషాల పని, ఎవరూ చేయరు.

అమ్మ వాయిస్ మెసేజీలు ఒకటొకటే వింటూ దాచాను. చాలావాటిలో ఏమీ లేదు. "ఫోన్ ఎత్తవేం? సరే, ఖాళీ అయినప్పుడు చెయ్యి." ఇవే, పదే పదే. ఒక్కటి మాత్రం వేరు. నాతో మాట్లాడుతూనే మిషన్ తొక్కుతోంది, తొక్కుడు చప్పుడు ఆమె మాటకంటే పెద్దగా ఉంది, ఇంతలో దారం తెగింది. "దీని దుంప తెగ" అని మిషన్‌ని తిట్టి, నాకు మెసేజీ పెడుతున్న సంగతే మర్చిపోయింది. ఆ తర్వాత కాసేపు మాట లేదు. దారం కొస నోట్లో తడుపుకున్న చప్పుడు, ఊపిరి బిగబట్టి సూదిలోకి ఎక్కిస్తున్న నిశ్శబ్దం, ఎక్కగానే "హమ్మయ్య". ఆ తర్వాత, "ఆ... ఏం చెప్తున్నాను నేను?" అంతే, అయిపోయింది. ఆమె ఏం చెప్పబోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఆమె ఎలా ఉండేదో ఎవరికైనా చెప్పాలంటే నేను వినిపించేది ఇదే.

ఫోటోల విషయంలో ఎక్కువ చెప్పను. పాత ప్రింట్లను ఫోన్‌తో ఫోటో తీసి సరిపెట్టుకోకుండా స్కాన్ చేయించండి, చిన్న ఫోటోలకు 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) పెట్టండి, వెనకవైపు కూడా స్కాన్ చేయండి, పేరో తేదీయో స్టూడియో ముద్రో అక్కడే ఉంటుంది. జిగురు పేజీల ఆల్బంలో అతుక్కుపోయిన ఫోటోను గోటితో లాగితే పై పొర లేచిపోతుంది, పళ్ల మధ్య శుభ్రం చేసుకునే సన్నని దారాన్ని ఫోటో కింద నుంచి మెల్లగా జరిపితే చాలాసార్లు ఊడివస్తుంది. ఫోటో వెనక పేర్లు రాయాలనుకుంటే మెత్తటి పెన్సిల్‌తోనే రాయండి, బాల్‌పెన్ ఒత్తు ముందువైపు కనిపిస్తుంది.

మా ఇంట్లో అమ్మ ఫోటోలు తక్కువ. ఉన్నవాటిలో ఎక్కడో అంచున సగం కనిపిస్తుంది, లేదంటే ఎవరి పిల్లాడినో ఎత్తుకుని వాడి మొహం కెమెరా వైపు తిప్పుతూ తను కిందికి చూస్తుంటుంది. ఇవేం పనికొస్తాయి అనుకుంటుంటే అక్క వచ్చి ఒక గుంపు ఫోటో చూసి, "ఈ గౌను అమ్మ కుట్టిందే, ఇదిగో ఈవిడ జాకెట్టు కూడా, ఈ పిల్లాడి చొక్కా మిగిలిన గుడ్డతో కుట్టింది చూడు, నా గౌనూ అదీ ఒకటే తాను" అంది. అప్పటినుంచి ఆ ఫోటోలు ఇంకోలా చూడటం మొదలుపెట్టాను. అమ్మ లేని ఫోటోల్లో కూడా సగంమంది ఒంటి మీద ఆమె పని ఉంది.

తర్వాత మనుషులతో మాట్లాడటం. ఇక్కడ చాలామంది చేసే పని ఎదురుగా కూర్చుని, రికార్డర్ ఆన్ చేసి, "అమ్మ గురించి చెప్పండి" అనడం. అలా అడిగితే ఫోటో కింద రాసిన నాలుగు మాటలే మళ్లీ వస్తాయి. చెప్పేవాళ్లను తప్పుపట్టలేం, పెద్ద ప్రశ్నకి అలాంటి జవాబే ఉంటుంది. "పొద్దున లేవగానే ముందు ఏం చేసేది?", "మిషన్ ఏ కిటికీ దగ్గర ఉండేది, వెలుగు ఎటునుంచి పడేది?", "కోపం వస్తే మాట్లాడేదా, మానేసేదా?" ఇలా అడగండి. నాన్న మొదటి పావుగంట "మంచి మనిషి" దాటి రాలేదు, కిటికీ గురించి అడగ్గానే లేచి వెళ్లి గోడ మీద మిషన్ చక్రం రాసుకుని పడిన గీత చూపించి, అది పడిన రోజు ఇద్దరికీ జరిగిన గొడవ మొత్తం, ఎవరు ఏమన్నారో గొంతులు మార్చి మరీ చెప్పారు. ముసలివాళ్లను వాళ్ల పదో ఏటికీ ముప్పయ్యో ఏటికీ మధ్య కాలం గురించి అడిగితే జ్ఞాపకాలు ఎక్కువగా, గట్టిగా వస్తాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎప్పుడో గమనించారు. మా పిన్ని విషయంలో అది అక్షరాలా నిజం. నిరుడు జరిగింది గుర్తులేదు గానీ, అక్కచెల్లెళ్లిద్దరూ ఒకే పరికిణీ కోసం కొట్టుకున్న రోజు ఆకాశం ఎలా ఉందో కూడా చెప్పింది.

మామూలు మనుషుల మాటలు రికార్డు చేసి దాచడం కొత్తేమీ కాదు. 1937లో బ్రిటన్‌లో మాస్ అబ్జర్వేషన్ అని ఒక ప్రయత్నం మొదలైంది, జనం తమ రోజు ఎలా గడిచిందో రాసి పంపేవాళ్లు, గృహిణులు, గుమాస్తాలు, దుకాణాల్లో పనిచేసేవాళ్లు. ఆ కాగితాలన్నీ ఇప్పుడు ససెక్స్ విశ్వవిద్యాలయం దగ్గర ఉన్నాయి. 1948లో కొలంబియా విశ్వవిద్యాలయంలో మౌఖిక చరిత్ర విభాగం పెట్టినప్పుడు మాత్రం మొదట్లో పెద్దపెద్ద పదవుల్లో ఉన్నవాళ్లనే ఎక్కువగా రికార్డు చేశారు. 2003లో న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో స్టోరీకోర్ అనే సంస్థ వాళ్లు చిన్న గదిలాంటి బూత్ పెట్టి, ఒకరికొకరు తెలిసిన ఇద్దరిని కూర్చోబెట్టి నలభై నిమిషాలు మాట్లాడుకోనిచ్చారు. నాకు అందులో నచ్చింది ఒక్కటే, ప్రశ్నలు అడిగేది పరాయి మనిషి కాదు. నేనూ అదే పద్ధతి పట్టుకున్నాను. నాన్నని నేను అడగడం కంటే పిన్నినీ నాన్ననీ పక్కపక్కన కూర్చోబెట్టి నేను నోరు మూసుకుని ఉన్నప్పుడే ఎక్కువ బయటికొచ్చింది. ఎందుకంటే ఒకరు చెప్పింది ఇంకొకరు ఒప్పుకోరు కదా.

మిషన్ గొడవ అలాగే లేచింది. అమ్మ తన గాజులు అమ్మి మిషన్ కొనుక్కుందని పిన్ని. కాదు, నేనే వాయిదాల మీద కొత్త మిషన్ తెచ్చిచ్చానని నాన్న. ఇద్దరూ కళ్లారా చూసినట్టే చెప్తారు, ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడే మనుషులు కారు. జ్ఞాపకం అంటే దాచిపెట్టింది తీసి చూపించడం కాదని, తలుచుకున్న ప్రతిసారీ మళ్లీ కట్టుకుంటామని బార్ట్‌లెట్ అనే మనస్తత్వవేత్త 1932లోనే రాశాడు, అది చదివినప్పుడు సరేలే అనుకున్నాను గానీ ఎదురుగా ఇద్దరు పెద్దవాళ్లు కేకలు వేసుకుంటుంటే అర్థమైంది. చివరికి మిషన్‌నే అడుగుదామని దాని మీదున్న నంబరు రాసుకున్నాను. అది సింగర్ మిషన్. పాత సింగర్ మిషన్లకి ఆ నంబరును బట్టి ఎక్కడ, ఏ కాలంలో తయారైందో తెలుసుకోవచ్చు. చూస్తే అది 1950లలో స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో తయారైనది, అంటే అమ్మానాన్నల పెళ్లికి చాలా ముందు సంగతి. వేలమంది పనిచేసిన ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. మా అమ్మ మిషన్‌ని బిగించిన చేతులు ఎవరివో, వాళ్ల గురించి ఎవరైనా ఏమైనా రాసుకున్నారో లేదో.

మొత్తానికి అది సెకండ్‌హ్యాండ్ మిషన్. పిన్ని చెప్పిందీ నిజం కావచ్చు, నాన్న చెప్పిందీ నిజం కావచ్చు, కొత్తది అన్న ముక్క మాత్రం కాదు. నాన్నకి చెప్తే కాసేపు ఆలోచించి, "కొత్తదే. మా ఇంటికి కొత్తది" అన్నారు. నేను రెండు కథలూ రాశాను, ఒకదాని కింద ఒకటి, ఎవరు చెప్పారో పేరుతో సహా. తీర్పు చెప్పలేదు. ఇలాంటి రాతలో తేలని విషయాలను తేలనట్టే ఉంచాలని నా అభిప్రాయం, అందరూ ఒప్పుకునేలా నునుపు చేస్తే చివరికి మళ్లీ "కష్టజీవి" దగ్గరికే వస్తాం.

ఇక కొలతల పుస్తకం. మిషన్ సొరుగులో సుద్దముక్కలు, బాబిన్లు, విరిగిన సూదులు వేసే డబ్బా, వీటన్నిటి కింద ఉంది, అట్ట పోయి గుడ్డతో కుట్టేసిన పొడవాటి పుస్తకం. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. పేర్లు లేవు, ఉన్నా తక్కువ. "టీచరమ్మ", "మేడ మీద వాళ్ల రెండో అమ్మాయి", "ఎర్ర సైకిలు", "గట్టిగా నవ్వే ఆవిడ". కింద భుజం, ఛాతీ, నడుము, చంక, చేతి పొడవు, మెడ, అన్నీ అంగుళాల్లో. కొలత మారినప్పుడల్లా పాతది కొట్టేసి పక్కన కొత్తది. ఒకావిడ నడుము 28 దగ్గర మొదలై 30, తర్వాత 35, మళ్లీ 31, మళ్లీ 37, ఆ తర్వాత 34 దగ్గర చాలాకాలం ఆగి, ఉన్నట్టుండి 29. ఆ చివరి అంకె పక్కన అమ్మ "జబ్బు" అని రాసి, కింద "లోపల గుడ్డ ఎక్కువ వదలాలి, మళ్లీ ఒళ్లు చేస్తుంది" అని రాసింది. చేసింది కూడా, తర్వాతి అంకె 32. ఆ పేజీ చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఆవిడ ఎవరో నాకు తెలియదు, కానీ ఆవిడ కాన్పులూ జబ్బూ కోలుకోవడం అన్నీ అక్కడున్నాయి, వాటిని చూసి పట్టించుకున్న మనిషి చేతిరాతలో.

ఆ పుస్తకం పట్టుకుని మనుషులను వెతికాను. "ఎర్ర సైకిలు" ఎవరో నాన్నకి వెంటనే తెలిసింది. "టీచరమ్మ" ఇప్పుడు బాగా పెద్దావిడ, నన్ను చూడగానే గుర్తుపట్టింది. ఆమె పేజీలో "ఎడమ భుజం అరంగుళం దిగువ, మడత పెట్టి సరిచేయాలి, చెప్పక్కర్లేదు" అని ఉంది. చదివి వినిపించాను. ఆవిడ అద్దం దగ్గరికి వెళ్లి నిలబడింది, అటు తిరిగి ఇటు తిరిగి చూసుకుని, "నా ఎడమ భుజం దిగి ఉంటుందా?" అంది. ఇన్నేళ్లూ ఆవిడకి తెలియదు! అమ్మ కుట్టడం మానేశాక ఎవరి దగ్గర కుట్టించుకున్నా ఒకవైపు జారిపోతోందని, ఈ కాలం టైలర్లకి పని రాదని అనుకుంటూ వచ్చిందట. ఇద్దరం నవ్వుకున్నాం, తర్వాత ఆవిడ ఏడ్చింది, అమ్మ గురించి ఎవరు ఏం చెప్పినా అంత చెప్పలేదు నాకు.

అన్నీ అడగలేదు. ఒక పేజీలో "చేతులు మణికట్టు దాకా. ఎండాకాలమైనా సరే. అడగొద్దు" అని ఉంది. ఎవరి పేజీయో నాకు తెలుసు, ఆవిడ ఇప్పటికీ ఉంది, ఎదురుపడితే పలకరిస్తుంది. అమ్మ తనకు తాను రాసుకున్న మాట నాకూ వర్తిస్తుంది అనుకుని ఆ పేజీ స్కాన్ కూడా చేయలేదు. పోయినవాళ్ల జీవితం రాసేటప్పుడు అందులో బతికున్నవాళ్ల జీవితాలు బోలెడన్ని కలిసి ఉంటాయి, వాటి మీద మనకు హక్కు లేదు. రికార్డు చేసేముందు అడగాలి, రాసింది వాళ్లకి చూపించాలి, తీసేయమంటే మారుమాట లేకుండా తీసేయాలి. అమ్మకీ ఆమె అన్నయ్యకీ చాలా ఏళ్లు మాటల్లేవు, దాని గురించి రాయాలా వద్దా అని ఇంట్లో పెద్ద గొడవే అయింది. మాటల్లేవన్నది ఉంచాను, కారణం తీసేశాను. నాకు పూర్తిగా సంతృప్తి లేదు గానీ మామయ్య కూడా మనిషే కదా.

ఈ పని చేస్తున్నంతకాలం తెలిసినవాళ్లు నన్ను చూసి బెంగపెట్టుకున్నారు, ఇంకా అమ్మ వస్తువుల మధ్యే కూర్చుంటున్నావు, ఇక ముందుకెళ్లాలి అని. దుఃఖానికి ఐదు దశలుంటాయని, నేను నాలుగో దాంట్లో, అంటే కుంగుబాటులో, ఇరుక్కున్నానని ఒకరు తేల్చి చెప్పారు కూడా. ఆ ఐదు దశలూ 1969లో ఎలిజబెత్ కూబ్లర్ రాస్ అనే డాక్టరు రాసినవి, అవి చావుకి దగ్గరైన రోగులతో మాట్లాడి రాసినవి, వాళ్లని పోగొట్టుకున్నవాళ్ల గురించి కాదు. మెట్లలా ఒకదాని తర్వాత ఒకటి ఎక్కాలన్నది జనం నోళ్లలో పడి స్థిరపడిపోయింది. 1996 నాటికి కొందరు పరిశోధకులు ఇంకో మాట అన్నారు, పోయినవాళ్లతో బంధం తెంచుకోనక్కర్లేదు, దాన్ని ఇంకో రూపంలో కొనసాగించడం జబ్బేమీ కాదు అని. నాకు పరిశోధన ఏదైనా ఒకటే, అమ్మ చేతిరాత చదువుతున్నప్పుడు నేను మిగతా రోజంతటికంటే బాగుండేదాన్ని. అక్క మాత్రం ఆ పుస్తకం ముట్టుకోలేకపోయింది, ఇప్పటికీ ముట్టుకోదు. అదీ సరైనదే.

పుస్తకం చివర్లో నాన్న పేజీ ఉంది. ఆయన చొక్కాలు బయట కొనుక్కునేవారు, అమ్మ కుట్టింది నాకు గుర్తులేదు. అయినా పేజీ ఉంది, కొలతలు ఎప్పటికప్పుడు మారుస్తూనే ఉంది, ఎప్పుడు కొలిచేదో ఆయనకే తెలియదు. "పడుకున్నప్పుడు కొలిచి ఉంటుంది" అన్నారు. మామూలుగా ఆమె తేదీలు వేయదు, ఈ పేజీలో చివరి రెండు కొలతలకి మాత్రం వేసింది. రెండూ ఆమె జబ్బు బయటపడిన తర్వాతవే. నడుము 36, తర్వాత 34. పక్కన, "తినట్లేదు. పెద్దదానికి చెప్పాలి."

అక్కకి చెప్పింది కూడానట. నాన్నని కనిపెట్టుకుని ఉండమని, ఎందుకో చెప్పకుండా. ఆ పేజీ నాన్నకి చూపించాలా వద్దా అని చాలా ఆలోచించి చూపించాను. కళ్లజోడు తెచ్చుకుని చదివారు, బెల్టు ఒక బెజ్జం వదులు చేసుకుంటూ "ఇప్పుడు మళ్లీ 36 వచ్చింది, రాసి పెట్టు" అన్నారు. పెన్సిల్‌తో రాశాను.

రాసిందంతా మూడు కాపీలు చేశాను, రెండు ఇంట్లో, ఒకటి అక్క ఇంట్లో. పెన్‌డ్రైవ్‌ని నమ్ముకోవద్దు, ఏళ్ల తరబడి వాడకుండా పక్కన పెడితే అందులోది చెరిగిపోవచ్చు. హార్డ్‌డిస్క్ మీద ఒకటి, క్లౌడ్‌లో ఒకటి, ఆమ్లం లేని కాగితం మీద ప్రింటు ఒకటి ఉంటే కొంత భరోసా. ఆడియో ఫైళ్ల పేర్లలో తేదీ, మనిషి, విషయం మూడూ పెట్టండి, "న్యూ రికార్డింగ్ 7" అని ఉంటే మీ తర్వాతివాళ్లు దాన్ని తెరవరు.

ఇప్పుడు నాన్నవి రికార్డు చేస్తున్నాను, ఆయనవి ఆయన ఉండగానే. ఒప్పుకోవడానికి ఒకే షరతు పెట్టారు, మిషన్ విషయంలో పిన్ని కథ కింద కాకుండా తన కథ పైన ఉండాలట. పిన్నికి ఇంకా చెప్పలేదు.